పాత పేరు – కొత్త బండి
(జావా మోటారు సైకిలు పునరాగమనము, దాని యజమానుల అభిప్రాయములు)

మైసూరు, బెంగుళూరు, కోలారు, బళ్లారి ప్రాంతములలో తరతరములుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో జావా, యెజ్డీ మోటారు సైకిళ్ల పేరు విననివారు అరుదు. ఒక ఇంట తాతగారు కచేరీకి పోయి వచ్చిన బండి అది. మరియొక ఇంట తండ్రి ముందొక పిల్లవానిని, వెనుకనొక పిల్లవానిని కూర్చుండబెట్టుకొని బడికి దించిన బండి అది. ఆ బండ్లను తయారుచేసిన మైసూరు కర్మాగారము 1996లో మూతపడినది. ఇరువది రెండు సంవత్సరముల పిమ్మట, 2018 నవంబరు 15వ తేదీన, వేరొక కంపెనీ అదే పేరుతో, ఇంచుమించు అదే రూపముతో ఒక కొత్త బండిని ముంబయి నగరమున ఆవిష్కరించినది.

నాటినుండి ఈ బండిని గూర్చి మూడు విధములైన మాటలు వినవచ్చుచున్నవి. “మా నాయనగారి బండి మరల వచ్చినది” అని సంతోషించువారు కొందరు. “ఇది ఆ బండి కాదు, పేరు మాత్రమే ఆ బండిది” అని నిట్టూర్చువారు కొందరు. “పాతదానితో మాకు పని లేదు, చూచుటకు ముచ్చటగా నున్నది, నడుపుటకు బాగున్నది, అంతియే చాలు” అనువారు మరికొందరు. ఈ మూడు వర్గములవారును బండి యజమానులే. మూడు మాటలలోను సత్యము కలదు. అయినను ఒకే వస్తువును గూర్చి ఇన్ని భిన్నాభిప్రాయము లేల కలిగినవి? మన బడిలో పై తరగతులు చదివి కళాశాలకు పోవు పిల్లలు ఇటువంటి బండి కావలెనని ఇంట అడుగుచున్నారు. అడుగునది పిల్లలైనను సొమ్ము వెచ్చించువారు తల్లిదండ్రులు. కావున విషయమును కొంత మొదటినుండి తెలిసికొనుట మంచిది.

పేరు పుట్టిన విధము

జావా అను పేరు మన దేశపుది కాదు. జావా ద్వీపముతో దానికి సంబంధమును లేదు. చెకొస్లొవేకియా రాజధానియైన ప్రాగ్ నగరమున ఫ్రాంటిషెక్ యానెచెక్ అను నతడు ఆయుధముల కర్మాగారము నడుపుచుండెను. 1929లో ఆయన మోటారు సైకిళ్ల తయారీకి పూనుకొని, వాండరర్ అను జర్మను కంపెనీ రూపొందించిన ఒక బండిని తయారుచేయు హక్కులను కొనెను. తన పేరులోని మొదటి రెండక్షరములను, వాండరర్ పేరులోని మొదటి రెండక్షరములను కలిపి రోమను లిపిలో వ్రాయగా ఏర్పడిన పేరే జావా. అనగా ఈ పేరు పుట్టుకలోనే ఒకరి రూపకల్పన మరియొకరి చేతికి మారుట కలదు. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకొనవలెను.

రెండవ ప్రపంచ యుద్ధమున ఆ దేశము జర్మనుల ఆక్రమణలో నుండగా, జావా ఇంజనీర్లు రహస్యముగా ఒక కొత్త బండిని రూపొందించిరి. యుద్ధానంతరము 1946లో పారిస్ ప్రదర్శనమున అది స్వర్ణ పతకము పొందినది. దానిని ప్రజలు ‘పేరాక్’ అని పిలిచిరి. యుద్ధకాలమున ప్రాగ్ ప్రజలు చెప్పుకొనిన ఒక కథలో, స్ప్రింగుల సాయముతో ఎగురుచు శత్రువులను ఏడ్పించు మనుష్యుని పేరది. వెనుక చక్రమునకు స్ప్రింగులుండుటచే ఆ బండికి ఆ పేరు వచ్చినది. యుద్ధము ముగిసిన తరువాత కంపెనీ ప్రభుత్వపరమైనది. 1954లో వెనుక చక్రము ఊగు చట్రముతో మరియొక రకము వెలువడినది. మన పెద్దలు ఎరిగిన బండి ఈ వంశమునకు చెందినదే.

మైసూరులో ముప్పది అయిదేండ్లు

1950 దశకము మధ్యలో భారత ప్రభుత్వము విదేశపు ద్విచక్ర వాహనముల దిగుమతిని అరికట్టినది. అంతవరకు జావా బండ్లను దిగుమతి చేసి అమ్ముచున్న బొంబాయి ఇరానీ కుటుంబమువారు, ఇక వానిని ఇచ్చటనే తయారుచేయవలెనని నిశ్చయించిరి. రుస్తుం ఇరానీ, ఫరూఖ్ ఇరానీ అను వారు చెకొస్లొవేకియా కంపెనీతో ఒడంబడిక చేసికొని, 1960లో ‘ఐడియల్ జావా’ కంపెనీని స్థాపించిరి. మైసూరు నగరమున యాదవగిరి ప్రాంతమున కర్మాగారము వెలసినది. 1961లో ఉత్పత్తి ఆరంభమైనది. నాటి మైసూరు రాష్ట్ర గవర్నరగు శ్రీ జయచామరాజేంద్ర ఒడయరువారు దానిని ప్రారంభించిరి. 1973 నుండి ఇచ్చటి బండ్లకు ‘యెజ్డీ’ అను పేరు పెట్టిరి. ఇరాను దేశములోని యజ్ద్ నగరమును బట్టి వచ్చిన పేరది. రోడ్‌కింగ్ మొదలగు రకములు ఈ పేరుతోనే వెలువడినవి.

ఆ బండి గుణములను కొంచెము వివరింపవలెను. ఏలయనగా నేటి యజమానుల మెప్పునకును, కినుకకును మూలము అందే యున్నది.

ఇంజను ఒకే సిలిండరుది. సుమారు 250 సి.సి. పరిమాణముది, రెండు స్ట్రోకులతో పనిచేయునది. సిలిండరు ఒక్కటే యైనను పొగ గొట్టములు రెండు. ప్రక్కకొకటి చొప్పున వెనుకకు సాగి, చేప ఆకారపు సైలెన్సరులతో ముగియును. ఎర్రని మెరుగు రంగు, ట్యాంకు ప్రక్కల క్రోమియము పూత, సన్నని బంగారు గీతలు దాని అలంకారము. కిక్కు కొట్టు కడ్డీయు, గేరు మార్చు కడ్డీయు ఒక్కటే. ఎడమ ప్రక్కనున్న ఆ కడ్డీని పైకి మడచి కిక్కు కొట్టి, ఇంజను కదలిన పిమ్మట క్రిందికి దింపి దానితోనే గేరులు వేయవలెను. చేతి క్లచ్చి పట్టకపోయినను కాలితో గేరు కడ్డీని నొక్కగానే క్లచ్చి తనంతట విడుచు ఏర్పాటు కలదు. పెట్రోలులో నూనె కలిపి పోయవలెను. సందు చివర నున్నప్పుడే ఇంటివారికి బండి ఎవరిదో దాని ధ్వనిని బట్టి తెలిసెడిది.

మరియొక గుణము కలదు. ఈ ఇంజనులో కవాటములు లేవు. కదలు భాగములు కొద్దివి. కావున స్పానరు పట్టుట తెలిసిన యజమాని ఆదివారము ఉదయమున ఇంటి ముంగిట కూర్చుండి ప్లగ్గు తీసి మసి గోకి, కార్బురేటరు కడిగి, పాయింట్లు సరిచేసికొనెడివాడు. తండ్రి బండి విప్పగా ప్రక్కన నిలిచి స్పానరు అందించిన పిల్లవాడు యంత్రశాస్త్రములో మొదటి పాఠము అచ్చట నేర్చెను. మా వంటి ఉపాధ్యాయులు నల్లబల్లపై ఎంత గీసి చూపినను అంత చక్కగా పట్టుపడని పాఠము అది.

మూతపడుటకు కారణములు

1980 దశకమున జపాను కంపెనీల సహకారముతో తేలిక బండ్లు మన దేశమునకు వచ్చినవి. 1985లో వెలువడిన హీరో హోండా బండి నాలుగు స్ట్రోకుల ఇంజనుతో 100 సి.సి. లోపు పరిమాణము గలది. అది త్రాగు పెట్రోలు స్వల్పము. నెల జీతముపై బ్రతుకు కుటుంబీకునకు బలము కన్న పొదుపు ముఖ్యమయ్యెను. మరియొక ప్రక్క పొగ కాలుష్యమును గూర్చిన ప్రభుత్వ నిబంధనలు 1991లో మొదలై, 1996లో మరింత కఠినమైనవి. కర్మాగారమున నష్టములు, కార్మిక సమస్యలు పెరిగినవి. 1996లో యాదవగిరి కర్మాగారము మూతపడి, కొంత కాలమునకు కంపెనీ ఆస్తులు న్యాయస్థానము ద్వారా లిక్విడేటరు అధీనమునకు పోయినవి.

అయితే బండ్లు నిలిచిపోలేదు. మైసూరు, బెంగుళూరు, పూనా మొదలగు నగరములలో పాత యజమానులు సంఘములుగా ఏర్పడి బండ్లను కాపాడుకొనిరి. ఏటేట జూలై నెల రెండవ ఆదివారమున జావా దినము పేర వారు బండ్లన్నియు తీసికొని ఒకచోట చేరుట ఆచారమైనది. తయారుచేయువారు లేని వస్తువునకు ఇరువది ఏండ్లకు పైగా యజమానులే సంరక్షకులైరి. తరువాత వచ్చిన కొత్త కంపెనీకి లభించిన పేరుప్రతిష్ఠలలో అధిక భాగము వీరు నిలిపినదే.

కొత్త యాజమాన్యము

మహీంద్ర కంపెనీ ప్రధాన భాగస్వామిగా, అనుపం థరేజా, బొమన్ ఇరానీ అను వారు తోడుగా ‘క్లాసిక్ లెజెండ్స్’ అను సంస్థ ఏర్పడినది. ఈ బొమన్ ఇరానీ మైసూరు కంపెనీ స్థాపకులలో ఒకరైన రుస్తుం ఇరానీగారి కుమారుడు. అదే పేరుగల చలనచిత్ర నటుడు వేరొకరు. జావా పేరును వాడుకొనుటకు చెకు కంపెనీనుండి ఈ సంస్థ అనుమతి పొందినది. 2016లో ఇంగ్లండు దేశపు ప్రాచీనమైన బి.ఎస్.ఏ. పేరును మహీంద్ర వర్గము కొనినది.

2018లో జావా, జావా ఫార్టీ టూ అను రెండు రకములు వెలువడినవి. ఢిల్లీ షోరూము ధర మొదటిదానికి 1,64,000 రూపాయలు, రెండవదానికి 1,55,000 రూపాయలు. ఇంజను 293 సి.సి. పరిమాణముది, నాలుగు స్ట్రోకులది, నీటితో చల్లబడునది, గేరులు ఆరు. ఇది మహీంద్రవారి మోజో అను బండి ఇంజను ఆధారముగా రూపొందినది. తయారగునది మైసూరులో కాదు. మధ్యప్రదేశ్ రాష్ట్రమున పీథంపూరులో. 2019 నవంబరులో 334 సి.సి. ఇంజనుతో పేరాక్ అను మూడవ రకమును, 2022 జనవరిలో యెజ్డీ పేరుతో మూడు రకములను ఈ సంస్థ విడుదల చేసినది.

యజమానులు మెచ్చినవి, మెచ్చనివి

పాత యజమానులు మొదట చూచినది రూపమును. ఎర్ర రంగు, క్రోమియము ట్యాంకు, బంగారు గీతలు, గుండ్రని దీపము, అన్నిటికి మించి రెండు సైలెన్సరులు – ఇవి యథాతథముగా కనబడుటతో వారు సంతోషించిరి. ఒకే సిలిండరుగల ఇంజనుకు రెండు పొగ గొట్టములు నేడు ఇంజను పనికి అవసరము లేదు. అయినను కంపెనీ వానిని నిలిపినది. పాత సంఘములవారు దీనిని తమకు చేసిన మర్యాదగా భావించిరి.

రెండవది నడక. కొత్త బండి పాతదానికంటె వేగము గలది, బిగువు గలది. ముందు చక్రమునకు డిస్కు బ్రేకు, అకస్మాత్తుగా బ్రేకు వేసినను చక్రము బిగుసుకొని జారకుండ కాపాడు ఏ.బి.యస్. అను సాధనము ఉన్నవి. తరువాత రెండు చక్రములకును ఆ రక్షణ గల రకము వచ్చినది. పాత బండి డ్రమ్ము బ్రేకులపై వానలో ఘాటు రోడ్డు దిగినవారికి ఈ భేదము విలువ వేరుగా చెప్పనవసరము లేదు. ఈ విషయమున పాత యజమానులలోను పెద్దగా భిన్నాభిప్రాయము లేదు.

మూడవది ధ్వని. ఇచ్చటనే వారి మనస్సు ఎక్కువ నొచ్చినది. రెండు స్ట్రోకుల ఇంజను చేయు ఆ పలుచని, ఎడతెగని ధ్వని కొత్త బండికి రాలేదు. కొత్తది నాలుగు స్ట్రోకుల గంభీర ధ్వని. “కన్నులు మూసికొనిన ఇది జావా యని ఎవరు చెప్పగలరు?” అనునది పాత యజమానుల సామాన్య ఆక్షేపణ. ఎడమ ప్రక్క ఒకే కడ్డీతో కిక్కు, గేరు నడిపిన ముచ్చటయు లేదు. కొత్త బండి మీట నొక్కగా కదలును. కొత్త పేరాక్ రకమును గూర్చియు కొందరు తర్కించిరి. ప్రాగ్ పేరాక్ సామాన్య జనులు వాడు బండి. ఈ కొత్తది ఒక్కరికే ఆసనముగల, నల్లని, వినోదపు రకము. పేరు ఒకటి, పోలిక వేరొకటి యని వారి వాదము.

నాలుగవది నిరీక్షణము. కొనగోరినవారు 5,000 రూపాయలు చెల్లించి పేరు నమోదు చేసికొనిరి. 2019 సెప్టెంబరు వరకు తయారగు బండ్లన్నియు అమ్ముడు పోయినవని చెప్పి, 2018 డిసెంబరు 25వ తేదీతో కంపెనీ ఇంటర్నెట్ ద్వారా నమోదును నిలిపినది. బండ్లు అందుట 2019 మార్చి చివర మొదలైనది. ఇంత గిరాకి ఉండుట పేరునకు గల బలమును తెలుపును. అంత కాలము వేచియుండుట అభిమానులకు విసుగు పుట్టించినది. అభిమానము గలవాడు ఆశ కూడ ఎక్కువ పెట్టుకొనును. ఆశాభంగము కలిగిన అతని మాటయే ఎక్కువ పరుషముగా నుండును.

అయిదవది మరమ్మతు. కొత్త ఇంజనులో ఇంధనమును లెక్కించి చిమ్ము విద్యుత్సాధనము, ఉష్ణమును, గాలిని కొలుచు సూక్ష్మ యంత్రములు కలవు. దీనికి ఇంటి ముంగిట స్పానరుతో చేయదగిన పని స్వల్పము. సర్వీసు షెడ్డునకు పోవలెను. ఊరిలో నమ్మకమైన సర్వీసు కేంద్రము దగ్గర నున్నవారు తృప్తి పడుదురు. దూరమున నున్నవారు కష్టపడుదురు. మునుపు బండి మంచిచెడ్డలు యజమాని చేతిలో నుండెను. నేడు కంపెనీ వారి శ్రద్ధపై ఆధారపడినది. యజమానికిని యంత్రమునకును గల సంబంధములో కలిగిన ముఖ్యమైన మార్పు ఇదియే.

ధ్వని ఏల తిరిగి రాదు?

పాతవారి కోరిక ప్రకారము అదే ఇంజనును మరల తయారు చేయరాదా? దీనికి సమాధానము కంపెనీ ఇష్టములో కాక, ఇంజను పని విధానములోను, చట్టములోను ఉన్నది.

రెండు స్ట్రోకుల ఇంజనులో పిస్టను ఒకసారి పైకి, ఒకసారి క్రిందికి పోయినంతలో ఒక దహనము పూర్తియగును. కాలిన పొగ వెలుపలికి పోవుటయు, కొత్త పెట్రోలు ఆవిరి లోపలికి వచ్చుటయు ఇంచుమించు ఒకే క్షణమున జరుగును. ఆ త్రొక్కిసలాటలో కొంత పెట్రోలు కాలకుండనే పొగతో కలిసి బయటకు పోవును. దానికి తోడు పెట్రోలులో కలిపిన నూనెయు కాలి నీలి పొగ యగును. చక్రమునకు చప్పున బలము అందుటకు, ఆ ప్రత్యేక ధ్వనికి ఏ ఏర్పాటు కారణమో, పొగకును అదియే కారణము. ఒకదానిని ఉంచుకొని మరియొకదానిని తీసివేయుట మిక్కిలి కష్టము, వ్యయసాధ్యము.

నాలుగు స్ట్రోకుల ఇంజనులో లోపలికి పీల్చుట, నొక్కుట, మండుట, వెలుపలికి పంపుట అను నాలుగు పనులు వేరువేరుగా జరుగును. కావున వృథా తక్కువ, పొగ తక్కువ. మన దేశమున 2017 ఏప్రిలు నుండి భారత్ స్టేజి నాలుగు, 2020 ఏప్రిలు నుండి భారత్ స్టేజి ఆరు అను పరిమితులు అమలులోనికి వచ్చినవి. 125 సి.సి. మించిన కొత్త రకములకు 2018 ఏప్రిలు నుండి, ఆ తరగతి బండ్లన్నిటికి 2019 ఏప్రిలు నుండి ఏ.బి.యస్. తప్పనిసరి యైనది. ఇన్ని నియమములకు లోబడి పాత ఇంజనును యథాతథముగా అమ్ముట ఏ కంపెనీకిని సాధ్యము కాదు. మన పిల్లలు పీల్చు గాలిని తలచిన, ఆ నియమములను నిందింపను వలను పడదు.

ఇతర ఉదాహరణములు

ఇట్టి తర్కము జావా యజమానులకు మాత్రమే పరిమితము కాదు. చెన్నపట్టణమున నున్న మన బంధువులు ఎన్‌ఫీల్డ్ బుల్లెట్టు సంగతి ఎరుగుదురు. 1955లో మద్రాసున ఎన్‌ఫీల్డ్ ఇండియా కంపెనీ ఏర్పడినది. తిరువొత్తియూరులో కర్మాగారము వెలసినది. 1994లో ఆ కంపెనీ ఐషర్ వర్గమునకు చెందినది. పాత పోత ఇనుప ఇంజను స్థానమున కొత్త ఇంజను వచ్చి, గేరు కడ్డీ కుడి ప్రక్కనుండి ఎడమ ప్రక్కకు మారినప్పుడు పాత యజమానులు ఇదే విధముగా వాపోయిరి. అయినను నూనె కారని, త్వరగా చెడని బండి దొరకుటతో కొత్త యజమానులు పెక్కుమంది చేరిరి.

ఇంగ్లండు దేశమున ట్రయంఫ్ కంపెనీ 1983లో మూతపడగా, జాన్ బ్లూర్ అను గృహనిర్మాణ వ్యాపారి ఆ పేరును కొని, హింక్లీ అను ఊరిలో కొత్త కర్మాగారము కట్టించెను. ఆయన పాత పేరును వెంటనే పాత రూపమునకు తగిలింపలేదు. 1990 దశకమున ఆధునికమైన బండ్లను తయారుచేసి, యంత్రముపై కొనువారికి నమ్మకము కలిగించిన పిమ్మట, 2001 సంవత్సరపు రకముగా బానవిల్ అను పాత పేరును, పాత రూపమును మరల తెచ్చెను.

ఈ ఉదాహరణములను జావాతో పోల్చిన ఒక సంగతి స్పష్టమగును. ఎన్‌ఫీల్డు తయారీ తెగిపోక సాగినది. మార్పు మెల్లగా జరిగినది. ట్రయంఫ్ ముందు యంత్రమును స్థిరపరచి పిమ్మట జ్ఞాపకమును పిలిచినది. జావా ఇరువది రెండేండ్ల విరామము తరువాత, జ్ఞాపకమును ముందుంచుకొనియే వచ్చినది. కావుననే మొదటి రోజుననే అంత గిరాకి. మొదటి రోజునుండియే అంత కఠినమైన పోలిక.

పేరు ఎవరి ఆస్తి?

ఇందు మరియొక గంభీరమైన ప్రశ్న కలదు. కర్మాగారము మూతపడి, అప్పులవారును, కార్మికులును తమ బాకీలకై ఎదురు చూచుచుండగా, పాత కంపెనీ పేరు ఎవరికి చెందవలెను? యెజ్డీ అను పేరు విషయమున ఈ వివాదము కర్ణాటక ఉన్నత న్యాయస్థానమునకు పోయినది. ఆ పేరు లిక్విడేటరు అధీనములో నున్న ఐడియల్ జావా కంపెనీకే చెందునని 2022 డిసెంబరులో ఏక న్యాయమూర్తి తీర్పు చెప్పిరి. దానిపై అప్పీలు దాఖలైనది. వ్యాజ్యములోని జయాపజయములతో ఈ వ్యాసమునకు పని లేదు. మనము గ్రహింపవలసినది ఇంతే: భూమి, భవనము, యంత్రములు వలెనే పేరు కూడ ఒక ఆస్తి. దానికి విలువ కట్టుదురు, దానికై వాదులాడుదురు. ఆ విలువను కల్పించినవారు మువ్వురు – పెట్టుబడి పెట్టినవారు, చెమటోడ్చి తయారుచేసినవారు, ఏండ్ల తరబడి వాడి కాపాడినవారు. చట్టరీత్యా హక్కుదారు ఒకరే కావచ్చును. కాని ఆ పేరు పెట్టుకొని వచ్చిన వస్తువు సరిగా లేనిచో నిలదీయుటకు మూడవ వర్గమువారు వెనుదీయరు. కొత్త బండిపై యజమానుల మాటలలో కనబడు పట్టుదలకు మూలము ఇది.

తల్లిదండ్రులు ఆలోచింపవలసినవి

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. ఇది ఆ బండియేనా? రూపము, పేరు వరకు అవును. ఇంజను, తయారైన ఊరు, ధ్వని, మరమ్మతు విధానము వరకు కాదు. రూపమునే జావా యనుకొన్నవారు సంతోషించిరి. ధ్వనిని, చేతి పనిని జావా యనుకొన్నవారు నిరాశ చెందిరి. పాతదానిని ఎరుగని యువకులు దీనిని నేటి ఇతర బండ్లతో పోల్చి చూచుకొనిరి. ఒకరి మాటను మరియొకరు అబద్ధమనుటకు వీలు లేదు. వారు కొలుచు కొలబద్దలు వేరు.

కావున కొనదలచినవారు జ్ఞాపకమునకు ఒక విలువ, యంత్రమునకు ఒక విలువ విడివిడిగా కట్టుకొనవలెను. తండ్రిగారి బండి వలె కనబడుచున్నదను సంతోషమునకు కొంత సొమ్ము ఇచ్చుట తప్పు కాదు. కాని సర్వీసు కేంద్రము ఇంటికి ఎంత దూరము, విడి భాగములు ఎన్ని దినములలో దొరకును, రెండు చక్రములకును ఏ.బి.యస్. ఉన్నదా, అదే ధరకు లభించు ఇతర బండ్లు ఎట్టివి, రెండు మూడేండ్లు వాడినవారు ఏమి చెప్పుచున్నారు – ఈ ప్రశ్నలకు సమాధానము తెలిసికొనకుండ సంతకము చేయరాదు. కొత్తగా కొని వారము గడవనివాని పొగడ్త కంటె రెండు వానకాలములు నడిపినవాని మాట విలువైనది.

ఇంట పాత జావా బండి మూల నున్నవారికి ఒక మనవి. దానిని పాత ఇనుమునకు అమ్ముటకు ముందు ఆలోచింపుడు. మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 సంవత్సరములు దాటి, అసలు రూపము చెడక యున్న వాహనములను ప్రాచీన వాహనములుగా నమోదు చేయుటకు కేంద్ర ప్రభుత్వము 2021లో నియమములు చేసినది. అట్టి నమోదునకు రుసుము 20,000 రూపాయలు. నంబరు పలకపై ప్రత్యేకాక్షరములు ఉండును. అయితే అట్లు నమోదైన బండిని నిత్యము పనులకు వాడరాదు. ప్రదర్శనములకు, ప్రాచీన వాహనముల ఊరేగింపులకు, ఇంధనము పోసికొనుటకు, మరమ్మతునకు మాత్రమే రోడ్డెక్కింపవచ్చును. నిత్యము వాడదలచినవారు మామూలు రిజిస్ట్రేషనునే కాలానుసారము పొడిగించుకొనవలెను. ఏది చేసినను కాగితములను భద్రముగా నుంచుడు. కాగితములు లేని బండికి విలువ సగమునకు పైగా పోవును.

చివరగా ఉపాధ్యాయునిగా ఒక మాట. గేరులుగల మోటారు సైకిలు నడుపుటకు పదునెనిమిది ఏండ్లు నిండవలెను. 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము ప్రకారము మైనరు పిల్లవాడు బండి నడిపి నేరము చేసిన, సంరక్షకునకు మూడేండ్ల వరకు కారాగార శిక్షయు, 25,000 రూపాయల జరిమానాయు విధింపవచ్చును. పదవ తరగతి మార్కుల బహుమానముగా బండి తాళపు చెవి ఇచ్చు ముచ్చట ఎవరికైనను ఉన్నచో, దానిని కొన్ని ఏండ్లు వాయిదా వేయుట క్షేమము. అంతవరకు పిల్లవానికి ఈయదగిన బహుమానము మరియొకటి కలదు. ఇంట పాత బండి ఉన్నచో ఒక ఆదివారము దానిని వాని ఎదుట విప్పి, పిస్టను ఎట్లు కదలునో, నిప్పురవ్వ ఎచ్చట పుట్టునో చూపుడు. ఒక భాగము పేరు తెలుగున, మరియొక భాగము పేరు మెకానిక్కుల వాడుకలో చెప్పుడు. యంత్రమును లోపలినుండి ఎరిగిన పిల్లవాడు రేపు ఏ కంపెనీ ఏ పాత పేరుతో వచ్చి ముందు నిలిచినను, మెరుగు రంగును చూచి మోసపోక, మూత తెరచి చూచి బేరమాడగలడు.